సమాజం కంప్యూటరుకు వేగం వచ్చిన వైనం

"వేగమే జాతికి ఊపిరి. కాబట్టి నేటి నుండి సమాజం అన్ని విషయాలలోనూ వేగంగా నడుచుకొనవలెనని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది."

ఇది రాయపూర్ ఆంధ్ర భాషా సంరక్షణ సమాజం వారి తీర్మానం నెంబరు 114. చాలా గొప్ప తీర్మానం. పాస్ కావడానికి ఏడు నెలలు పట్టింది.

నా పేరు మోహనకృష్ణ. ఫాఫాడీ చౌక్‌లో నాకు కంప్యూటర్ రిపేరు దుకాణం ఉంది. సమాజానికి నేను గౌరవ సాంకేతిక సలహాదారుని. గౌరవం అంటే జీతం ఉండదు. సలహాదారుడంటే, సభల్లో వేదిక మీద చివరి కుర్చీ. ఆ కుర్చీ కోసం నేను చాలా భరించాను. ఇప్పుడు చెప్పబోయేది కూడా అందులో భాగమే.

గుఢియారీలో సమాజం ఆఫీసు. ఆఫీసులో కంప్యూటర్. దాని స్విచ్ నొక్కిన ఇరవై రెండు నిమిషాలకు తెర తెరుచుకునేది. అతిశయోక్తి కాదు, నేను గడియారం పెట్టుకుని చూశాను! సెక్రటరీ నాగబాబు గారు స్విచ్ నొక్కి, చెప్పులేసుకుని బజారుకెళ్ళి, వంకాయలు బేరమాడి, ఇంట్లో ఇచ్చి తిరిగి వచ్చేసరికి కూడా తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉండేది.

ఇందులో ఎవరికీ బాధ లేదు. అది ముందు మీకు అర్థం కావాలి. సభ్యత్వం కార్డు కావాలా? కంప్యూటర్ తెరుచుకోవట్లేదండీ. పెళ్ళికి హాలు కావాలా? కంప్యూటర్ తెరుచుకోవట్లేదండీ. మీటింగుల్లో ఏం మాట్లాడుకున్నారో చూపిస్తారా? అయ్యో, కంప్యూటర్! ఆ ఒక్క వాక్యం లేకపోతే కార్యవర్గం సగం పనులు నిజంగానే చేయాల్సి వచ్చేది.

మరి తీర్మానం ఎందుకు చేశారంటారా? భిలాయిలో తెలుగు వాళ్ళ సంఘం ఒకటుంది. మన అధ్యక్షుడు వీరేంద్ర గారు అక్కడికి సన్మానానికి వెళ్ళారు. వాళ్ళ కంప్యూటర్ ఆయన కళ్ళ ముందే స్విచ్ నొక్కగానే తెరుచుకుంది. ఆయన శాలువా భుజాన ఉండగానే నాకు ఫోన్ చేశారు.

"మోహన్, ఇదేటయ్యా! వీళ్ళది ఫటాఫట్ ఓపెన్ అయిపోతంది. మన ఇజ్జత్ ఏటవుతాది?"

వీరేంద్ర గారి తాతగారు శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి వచ్చారు. మనవడికి ఉర్లాలో ఇనుప షెడ్లు కట్టే ఫ్యాక్టరీ ఉంది. అక్కడి పద్నాలుగు కంప్యూటర్ల రిపేరు పని నాదే. అందుకని ఆయన ఇజ్జత్ నాకు కూడా ముఖ్యమే.

"కంప్యూటర్ మార్చక్కర్లేదండీ. లోపల తిరిగే పాత హార్డ్ డిస్క్ తీసేసి, ఎస్సెస్డీ అని కొత్తరకం డ్రైవ్ వస్తోంది, అది పెడదాం. అందులో తిరిగేదేమీ ఉండదు. అందుకే వేగం" అన్నాను.

"తిరగకుండానే పని చేస్తాదా?"

"చేస్తుందండీ."

"వా! అయితే మన కమిటీకి సూట్ అవుతాది" అన్నారాయన, చాలా సీరియస్‌గా.

*

ఇక్కడ అన్నమ్మ గారి గురించి చెప్పాలి. ఎందుకంటే ఈ కథలో నిజంగా పని పడింది ఆవిడ ఒక్కరికే.

అన్నమ్మ గారిది గోదావరి జిల్లా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. వాళ్ళమ్మ ఇక్కడ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఏడేళ్ళుగా ఆదివారాలు సమాజం వెనక గదిలో పిల్లలకు అన్నమ్మ గారే తెలుగు నేర్పుతున్నారు. ఖరగ్‌పూర్‌లో ఒక తెలుగు స్కూల్లో టీచర్ ఉద్యోగం ఖాళీ అయింది. ఇంటర్వ్యూ అయిపోయింది. ఎంపికైనట్టు ఉత్తరం కూడా వచ్చింది. ఇక మిగిలింది ఒకే ఒక్క కాగితం. కనీసం అయిదేళ్ళు తెలుగు బోధించినట్టు అనుభవ ధ్రువపత్రం. పద్దెనిమిదో తారీఖు సోమవారం ఉదయం పదింటికి అసలు కాగితం వాళ్ళ బల్ల మీద ఉండాలి. లేకపోతే ఉద్యోగం రెండో పేరుకు వెళ్ళిపోతుంది.

ఆవిడ సమాజానికి అర్జీ పెట్టి పదకొండు వారాలైంది.

"మోహన్ గారూ, ఒక మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి" అన్నారు ఒకరోజు దుకాణానికి వచ్చి. "నెమ్మది కంప్యూటర్‌దా, మనుషులదా?"

"కంప్యూటర్‌ది బాగుచేయగలనండీ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "తెల్ల కాగితం మీద నేనే రాసుకొస్తాను, సంతకం పెట్టండి చాలన్నాను. నాగబాబు గారు ఒప్పుకోలేదు. నిబంధన నాలుగంట."

నిబంధన నాలుగు నాకూ తెలుసు. సమాజం ఇచ్చే ప్రతి పత్రమూ తెలుగు అక్షరాల్లో, సమాజం లెటర్‌హెడ్ మీద, వ్యవస్థాపకులు రాసిపెట్టిన నమూనాలోనే ఉండాలి. ఒక్క మాట కూడా మార్చకూడదు. పేరు, సంవత్సరాలు మాత్రం నింపుకోవాలి. ఆ నమూనాలు, ఆ అక్షరాలు కొట్టే ప్రోగ్రామూ ఆ కంప్యూటర్‌లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు. ప్రోగ్రాం సీడీ ఏమైందని అడగకండి. మేడ మీద పావురాలు పాడుచేస్తున్నాయని ఎవరో దానికి దారం కట్టి ఎండలో వేలాడదీశారు. పావురాలు పోలేదు. ప్రోగ్రాం పోయింది.

అందుకే కొత్త డ్రైవ్‌లో అన్నీ మొదటి నుంచి ఎక్కించడం కుదరదు. ఉన్న వ్యవస్థను ఉన్నట్టు ఎత్తి కొత్తదాంట్లో దించాలి. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళడం కాదు. గోడలు, గోడలకు మేకులు, మేకులకు క్యాలెండర్లు, అన్నిటితో సహా ఇల్లే ఎత్తి పక్క వీధిలో పెట్టడం!

*

కొత్త డ్రైవ్ కొన్నాం. రెండు వందల నలభై జీబీ. పాత డిస్క్ అయిదు వందల జీబీ. అందులో నాలుగు వందల అరవై రెండు నిండి ఉంది. సరిపోదు. అసలు ఏం నిండిందో చూద్దామని తెరిచాను.

సమాజం నలభై ఏళ్ళ చరిత్ర, సభ్యుల పేర్లు, తీర్మానాలు, నమూనాలు, ఆదివారం బడి హాజరు పట్టీలు, మొత్తం కలిపి పదకొండు ఎంబీ. అంటే సుమారు మూడు సెల్ఫీలంత.

మిగతాదంతా ఫోటోలు, వీడియోలు. వీరేంద్ర గారు శాలువా కప్పించుకోవడం. వీరేంద్ర గారు శాలువా కప్పడం. నాగబాబు గారు శాలువా మడతపెట్టడం. ఉపాధ్యక్షుడు దానియేలు గారు మైకు ముందు దగ్గడం. ఒకే శాలువా, తొమ్మిది కోణాల్లో!

అత్యవసర సమావేశం పెట్టారు. అత్యవసరం కాబట్టి మిరపకాయ బజ్జీలు వచ్చాయి.

"కొన్ని తీసేయాలండీ" అన్నాను.

"తియ్యి, తియ్యి. ఏం ఫరక్ పడదు. నాగబాబువి తియ్యి" అన్నారు వీరేంద్ర గారు.

నాగబాబు గారు రైల్వేలో ముప్ఫై నాలుగేళ్ళు హెడ్ క్లర్క్‌గా చేశారు. ఆయనకు కోపం వస్తే కాగితం భాష వస్తుంది. "సెక్రటరీ ఫోటోలు సమాజం రికార్డులో భాగం. వాటిని తొలగించాలంటే సెక్రటరీ లిఖితపూర్వక అనుమతి కావాలి. సెక్రటరీ అనుమతి ఇవ్వడం లేదు. సెక్రటరీని నేనే."

"నావి తీస్తే దేవుడు చూస్తాడబ్బాయ్" అన్నారు దానియేలు గారు నా వైపు తిరిగి. ఆయన గూడ్సు బండి గార్డుగా రిటైరయ్యారు. ఎప్పుడు మాట్లాడినా చివరి పెట్టెలోంచి మాట్లాడినట్టే, అందరికంటే ఆఖర్న మాట్లాడతారు.

సరేనని కొత్త డ్రైవ్‌ను నా ల్యాప్‌టాప్‌కు తగిలించి చూపించాను, ఎంత చోటుందో వాళ్ళకే తెలుస్తుందని. నేను చేసిన తప్పు అదే.

"రెండు వందల నలభై అన్నావు" అన్నారు నాగబాబు గారు తెర దగ్గరకు వంగి. "ఇక్కడ రెండు వందల ఇరవై మూడు చూపిస్తోంది."

బజ్జీలు నమలడం కూడా ఆగిపోయింది.

"మిగతా పదిహేడు జీబీ ఎవరు తిన్నారు?"

"ఎవరూ తినలేదండీ! కంపెనీవాడు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, కంప్యూటర్ వెయ్యిన్నీ ఇరవై నాలుగు చొప్పున లెక్కేస్తుంది. అందుకని ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది."

"మతలబ్, తూకంలో మోసమా?" అన్నారు వీరేంద్ర గారు.

"మోసం కాదండీ, పద్ధతి."

"సబ్జీ మండీలో కూరగాయలవాడు కూడా అలాగే అంటాడు."

నా చొక్కా జేబు వైపు చూశారు ముగ్గురూ. పదిహేడు జీబీ అందులో ఉందేమోనని! చివరికి దానియేలు గారే నన్ను కాపాడారు. "పోన్లెండి. గూడ్సులో బొగ్గు కూడా దారిలో కొంత రాలిపోద్ది" అన్నారు. నాగబాబు గారి ముఖం వికసించింది. మినిట్స్ బుక్కులో హిందీలో రాసుకున్నారు, పదిహేడు జీబీ మార్గమధ్యంలో నష్టపోయినట్లు గమనించడమైనదని.

తర్వాత పంపకాలు. కంప్యూటర్ నడవడానికి నలభై జీబీ పోనూ, అధ్యక్షుడికి వంద, సెక్రటరీకి యాభై, ఉపాధ్యక్షుడికి ముప్ఫై మూడు. ఎవరి కోటాలో ఎవరి ముఖం ఉండాలో వాళ్ళ ఇష్టం. ఆ లెక్కతో డ్రైవ్ నిండిపోయింది.

"మరి రికార్డులండీ? నమూనాలు?" అన్నాను.

"అవి పాతవి కదా?" అన్నారు వీరేంద్ర గారు. "పాతదాంట్లోనే పడుండనీ."

తీర్మానం నెంబరు 115 నిమిషంలో పాసయింది. సమాజం చరిత్రలో అంత వేగం నేనెప్పుడూ చూడలేదు.

*

మర్నాడు వీరేంద్ర గారు స్వయంగా నా దుకాణానికి వచ్చారు. షట్టర్ సగం దించమన్నారు.

"మోహన్, ఆ అన్నమ్మ సర్టిఫికెట్‌ది ఏదో నమూనా ఉంది కదా. అది కొత్తదాంట్లోకి పొరపాటున కూడా రాకూడదు. సమఝే?"

"ఎందుకండీ? పాపం, ఉద్యోగం వచ్చింది. సోమవారం లోపల..."

"వెళ్ళిపోతాది కదయ్యా!" అని జేబులోంచి ఒక మడత కాగితం తీసి నా ముందు పెట్టారు. "ఇది చూడు."

విప్పి చూశాను. పోయిన ఉగాదికి ఆయనిచ్చిన ఉపన్యాసం. ఆ రోజు హాలంతా చప్పట్లతో మోగిపోయింది. 'అజంత సుందరమగు మన ఆంధ్ర భాష' అని ఆయన అంటుంటే ముందు వరసలో పెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. భాష తెలుగే. అక్షరాలు మాత్రం హిందీవి! పై గీతలు, వేలాడే అక్షరాలు, అంతా నాగరి లిపి. దస్తూరీ అన్నమ్మ గారిది.

"మీకు తెలుగు అక్షరాలు..."

"నేను కాలీబాడీలో హిందీ మీడియంలో చదివినోణ్ణి. మాట్లాడతాను, తిడతాను, పాట కూడా పాడతాను. చదవడం ఒక్కటే రాదు. నాకొక్కడికే కాదు, నాగబాబుకీ అంతే. దానియేలు గారి బైబిల్ కూడా హిందీదే. అన్నమ్మ వెళ్ళిపోతే వచ్చే ఉగాదికి నా భాషణ్ ఎవడు రాస్తాడు? నువ్వు రాస్తావా?"

నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చు. మా నాన్న బెత్తం పట్టుకుని నేర్పారు. కానీ ఆ మాట పైకి అంటే ఏడాదికి ఆరు ఉపన్యాసాలు నా నెత్తిన పడతాయి. అందుకని "అబ్బే, నాది టెక్నికల్ లైన్ అండీ" అన్నాను.

"అందుకే చెప్తున్నా. ఇంకో నాలుగు రోజులు కంప్యూటర్ పేరు చెప్పి లాగేస్తే ఆ ఖరగ్‌పూర్ గొడవ దానంతటదే ఖతం. ఆమెకే మంచిది. పరాయి ఊళ్ళో ఏటి చేస్తాది?" అని లేచారు. లేస్తూ, "మా ఫ్యాక్టరీ కంప్యూటర్ల కాంట్రాక్టు వచ్చే నెలతో అయిపోతంది కదూ? మాట్లాడుకుందాం" అన్నారు.

బెదిరింపు కాదు. ఆయన చాలా మర్యాదస్తుడు.

సాయంత్రం అన్నమ్మ గారు వచ్చారు. నేను మొత్తం చెప్పేశాను. కడుపులో మాట ఆగకపోవడం నాకున్న ఏకైక సద్గుణం. ఆవిడ కౌంటర్ మీద ఉన్న స్క్రూలను ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేశారు.

"ఏడేళ్ళు" అన్నారు చివరికి. "ఒక్కసారి కూడా నేను తెలుగులో రాసిస్తానంటే నేర్చుకుంటానన్నారా? పద్దెనిమిది వారాల్లో చదివించేసేదాన్ని. ఆరేళ్ళ పిల్లలు చదివేస్తున్నారు, మోహన్ గారూ!"

"ఆయన అధ్యక్షుడు కదండీ. పిల్లల పక్కన బల్ల మీద ఎలా కూర్చుంటారు?"

"ఆదివారం ప్రారంభోత్సవానికి ఉపన్యాసం నన్నే రాయమన్నారు" అన్నారావిడ, డబ్బా మూత బిగిస్తూ. "ఆయన ముందుగా చదువుకోరు కదా?"

"ఎప్పుడూ చదువుకోరు. రిహార్సల్ చేస్తే అధ్యక్షుడి విలువ పోతుందంటారు."

"కొత్త డ్రైవ్‌లో నమూనా ఉంటే, స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి కాగితం చేతికి రావడానికి ఎంత సేపు?"

"ఒక నిమిషం."

"మీరు పెడతారా?"

పద్నాలుగు కంప్యూటర్లు నా కళ్ళ ముందు వరసగా ఆరిపోయాయి. నేను ధైర్యవంతుణ్ణి కాదు. కానీ పదకొండు ఎంబీ పాటి ధైర్యం ఎవరికైనా ఉంటుంది కదా!

శుక్రవారం పని మొదలుపెట్టాను. మూడు రోజులు పడుతుందని సమాజానికి చెప్పాను. నిజానికి మొత్తం గంటా పది నిమిషాల్లో కొత్తదాంట్లోకి వచ్చేసింది. ఆ మాట చెబితే ఎవరు గౌరవిస్తారు? దానియేలు గారి కోటాలో ఒక దగ్గు వీడియో తగ్గించి, అక్కడ రికార్డులు, నమూనాలు, అక్షరాల ప్రోగ్రాం సర్దాను.

రెండు డ్రైవ్‌లూ తగిలించి స్విచ్ నొక్కాను. మళ్ళీ ఇరవై రెండు నిమిషాలే! తీరా చూస్తే, కంప్యూటర్ కొత్తదాన్ని పక్కనబెట్టి అలవాటు కొద్దీ పాతదాని దగ్గరికే వెళ్తోంది. సమాజం కంప్యూటర్ కదా! సెట్టింగుల్లోకి వెళ్ళి, ముందు కొత్తదాన్ని పలకరించమని వరస మార్చాను. పాతదాన్ని ఊడదీసి పక్కన పెట్టాను. స్విచ్ నొక్కాను.

పద్నాలుగు సెకన్లు.

*

ఆదివారం పదకొండింటికి సభ. బ్యానరు కట్టారు. పూజారి కొబ్బరికాయ కొట్టారు, దానియేలు గారు ప్రార్థన చేశారు, ఇద్దరూ కలిసి కంప్యూటర్‌ను ఏ దేవుడూ తప్పుబట్టకుండా చేశారు. పాత హార్డ్ డిస్క్‌కు సన్మానం జరిగింది. తొమ్మిదేళ్ళ సేవలకు గుర్తింపుగా శాలువా కప్పారు. దానికి భుజాలు లేవు కాబట్టి శాలువా మూడుసార్లు జారిపోయింది. మూడుసార్లూ ఫోటో తీశారు.

ముఖ్య అతిథి ఫణిశ్రీ గారు. రైల్వేలో పెద్ద అధికారి. గుంటూరు మనిషి. రాయపూర్‌కు బదిలీ అయి రెండు నెలలైంది. చాలా సౌమ్యురాలు. "ఇంత దూరంలో ఇన్ని తెలుగు మాటలు వింటుంటే కడుపు నిండిపోతోందండీ" అన్నారు. వీరేంద్ర గారు పొంగిపోయారు.

అన్నమ్మ గారు నాలుగో వరసలో కూర్చున్నారు. కాళ్ళ దగ్గర సూట్‌కేసు. రైలు మూడుంపావుకు. అది ఎక్కితేనే సోమవారం పదింటికి ఖరగ్‌పూర్‌లో ఉంటారు. చేతిలో కాగితం లేకుండా ఎక్కి లాభం లేదు.

వీరేంద్ర గారు మైకు దగ్గరకొచ్చారు. కళ్ళజోడు సవరించుకుని, జేబులోంచి కాగితం తీశారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, గంభీరంగా, మేఘం ఉరిమినట్టు మొదలుపెట్టారు.

"సభాసదులారా! నేడు మన సమాజ చరిత్రమున మహోజ్జ్వల ఘట్టము! మందగమనమునకు మంగళము పాడి, శీఘ్రగమనమునకు స్వాగతము పలుకుచున్నాము!"

చప్పట్లు. ఆయనకు ఊపు వచ్చింది. ఊపు వచ్చాక ఆయన నోరు ముందు వెళ్తుంది, అర్థం వెనకాల వస్తుంది.

"ఈ నూతన సాధనము యొక్క శక్తిని మాటలలో గాక చేతలలో చూపెదను! దీని నుండి వెలువడు ప్రథమ పత్రముగా, మన బడి ఉపాధ్యాయిని అన్నమ్మ గారి అనుభవ ధ్రువపత్రమును, ఈ క్షణమే, ఈ వేదిక మీదనే, ముఖ్య అతిథి గారి సమక్షమున, నా స్వహస్తముతో సంతకము గావించి..."

అక్కడ అర్థం నోటిని అందుకుంది.

ఆయన ఆగిపోయారు. కాగితం తిప్పి వెనక చూశారు. వెనక ఏమీ లేదు. నాలుగో వరస వైపు చూశారు. అన్నమ్మ గారు చేతులు జోడించి కూర్చుని ఉన్నారు, ఎంత వినయంగానో!

ఒక్క క్షణం ఆలస్యమైతే ఆయన ఏదో ఒకటి అనేస్తారు. నేను చప్పట్లు కొట్టాను. గట్టిగా. ఎవరు మొదలుపెట్టారో తెలియకుండా తల వంచుకుని మరీ కొట్టాను. హాలంతా అందుకుంది.

"ఎంత మంచి ఆలోచనండీ!" అన్నారు ఫణిశ్రీ గారు.

"హా... మతలబ్... అవును. ఆలోచన నాదే" అన్నారు వీరేంద్ర గారు. నుదురు తుడుచుకుంటూ నాగబాబు గారి వైపు ఒక చూపు చూశారు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసున్న మనిషికి ఆ చూపు చాలు.

నాగబాబు గారు తీరిగ్గా లేచి స్విచ్ నొక్కి, సభ వైపు తిరిగారు. "కంప్యూటర్ తెరుచుకునే లోపల అందరూ టీ, సమోసాలు..."

ఆయన వెనక తెర వెలిగి, తెరుచుకుని, సిద్ధంగా నిలబడింది. ముందు వరసలో ఒక ముసలాయన "అయిపోయింది బాబూ, కూర్చో" అన్నాడు.

నాగబాబు గారి ముఖంలో అలాంటి బాధ నేను ఇంతకు ముందు చూడలేదు. ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు నడిబజార్లో మోసం చేసినట్టు చూశారు దాన్ని.

"నమూనా ఇందులో ఉండదు కదా? తీర్మానం నెంబరు 115 ప్రకారం..."

"ఉందండీ" అన్నాను. గొంతు నాది కాదన్నట్టు అన్నాను. "ఎత్తినప్పుడు అంటుకుని వచ్చేసినట్టుంది."

అన్నమ్మ గారు వచ్చి తన పేరు, సంవత్సరాలు నింపారు. ప్రింటర్ గురగురమంటూ కాగితం కక్కింది.

"సీలు లేనిదే చెల్లదు" అన్నారు నాగబాబు గారు, ఆఖరి కోట కాపాడుకుంటున్నట్టు. "సీలు బీరువాలో ఉంది. బీరువా తాళం మా అల్లుడి దగ్గర. అల్లుడు ధర్సీవాలో..."

"సీలు బల్ల మీదే ఉందండీ, నాగబాబు గారూ" అన్నారు అన్నమ్మ గారు. "మీ టీ గ్లాసు దాని మీదే పెట్టారు."

గ్లాసు ఎత్తారు. సీలు ఉంది. ఠక్కున పడింది. వీరేంద్ర గారు పెన్ను తీశారు. ఫణిశ్రీ గారు ఎదురుగా చిరునవ్వుతో నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్ వంగి ఉన్నాడు. ఇక తప్పించుకునే దారి లేదు. సంతకం పడింది!

అన్నమ్మ గారు చెయ్యి చాచారు. కథ ఇక్కడితో అయిపోవాల్సింది.

"ఒక్క నిమిషమండీ" అన్నారు ఫణిశ్రీ గారు. "ఇంత చక్కటి సందర్భం. అధ్యక్షుల వారే దీన్ని సభకు చదివి వినిపిస్తే ఎంత బాగుంటుంది! ఆ కంఠంలో తెలుగు వినాలి."

ఆవిడ నిజంగానే ముచ్చటపడి అన్నారు. ఆ ముఖంలో కపటం లేదు.

వీరేంద్ర గారు కాగితం పట్టుకున్నారు. అది నిండా తెలుగు అక్షరాలు. గుండ్రంగా, ముద్దుగా, తలకట్లతో ఆయన వైపు చూస్తున్నాయి. ఆయన కాగితాన్ని దూరంగా పెట్టారు. దగ్గరగా పెట్టారు.

"అరె, కళ్ళజోడు మర్చిపోయానే!" అన్నారు. అంటూ ముక్కు మీది కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "నాగబాబూ, నువ్వు చదువు."

నాగబాబు గారు అప్పటికే తనది తీసి జేబులో వేసేసుకున్నారు. "విషయం పైవారికి తెలియజేయునది ఏమనగా, నేను కూడా ఇంట్లో మర్చిపోయాను. తగు చర్య నిమిత్తం ఉపాధ్యక్షుల వారికి పంపుతున్నాను."

కాగితం దానియేలు గారి చేతికి వెళ్ళింది. ఆయన ఎప్పట్లాగే ఆలస్యంగా గ్రహించారు. కళ్ళజోడు ఉండగానే కాగితం వైపు తేరిపార చూశారు. తర్వాత జోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మడిచి జేబులో పెట్టుకుని, "మర్చిపోయాను, తల్లీ. పెద్దతనం" అని ఫణిశ్రీ గారితో చెప్పి కాగితం నాకు అందించారు.

చివరి కుర్చీ నాదే.

నేను చదవగలను. గడగడా చదవగలను. మొదటి వాక్యం అప్పుడే మనసులో చదివేశాను కూడా. వీరేంద్ర గారు నా వైపు చూస్తున్నారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టు. నేను చదివితే ముగ్గురు పెద్దమనుషుల పరువు పోతుంది. పద్నాలుగు కంప్యూటర్లు కూడా.

నాకు కళ్ళజోడు లేదు. ఎప్పుడూ లేదు. నా చూపు నిక్షేపంగా ఉంది. అయినా సరే, "నేను కూడా ఇంట్లో మర్చిపోయాను" అన్నాను.

ఫణిశ్రీ గారు వేదిక పొడుగునా ఒకసారి చూశారు. నలుగురం. మూడు జేబుల్లోంచి మూడు కళ్ళజోళ్ళు బయటికి తొంగి చూస్తున్నాయి. ఆవిడ పెదవులు బిగబట్టి అన్నమ్మ గారి వైపు తిరిగారు. "మీరే చదవండమ్మా."

అన్నమ్మ గారు కాగితం అందుకున్నారు. మైకు తన ఎత్తుకు దించుకున్నారు. పిల్లలకు పాఠం చెప్పే గొంతుతో, ప్రతి అక్షరం విడివిడిగా వినపడేలా చదివారు. నిబంధన నాలుగు ప్రకారం ఒక్క మాట కూడా మార్చలేదు.

"...శ్రీమతి అన్నమ్మ గారు ఏడు సంవత్సరములు ఈ సమాజమున తెలుగు బోధించియున్నారు. వీరి అవిరళ కృషి ఫలితముగా, నేడు మన సమాజమున తెలుగు చదువుట రానివారు ఒక్కరును లేరని ధ్రువీకరించుటకు కార్యవర్గము మిక్కిలి గర్వించుచున్నది."

హాలు చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది వేదిక మీది వాళ్ళమే.